నెలనెలా వచ్చే సౌందర్య సాంపిళ్ల పెట్టె: నల్గొండలో ఉండి తీసుకోవడం లాభమేనా?

ప్రశ్న (నల్గొండ, రామగిరి)

అందరికీ నమస్కారం. నేను నల్గొండలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. వయసు 26. నెలకొకసారి ఇంటికి వచ్చే సౌందర్య సాంపిళ్ల పెట్టెకు చందా కట్టాలా వద్దా అన్నది రెండు వారాలుగా తేల్చుకోలేకపోతున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా చిన్నమ్మ కూతురు దాన్ని తెప్పించుకుంటోంది. నెలకు 399 రూపాయలు కడితే ఐదు వస్తువులు వస్తాయని, వాటిలో నాలుగు చిన్నవీ ఒకటి పూర్తి సైజుదీ ఉంటాయని, ఆరు నెలలకు ఒకేసారి కడితే కొంత తగ్గిస్తారని చెప్పింది.

నాకు ఈ ఆలోచన రావడానికి కారణం ఉంది. నిరుడు దసరాకు ముందు, బుగ్గల మీది మొటిమల మచ్చలు పోతాయన్న ఆశతో 645 రూపాయలు పెట్టి ఒక సీరం కొన్నాను. నాలుగో రోజుకల్లా చెంపలు మండి, సన్నని పొక్కులు లేచాయి. బతుకమ్మ ఆడే తొమ్మిది రోజులూ ముఖానికి కొబ్బరినూనె తప్ప ఏమీ రాయకుండా గడిపాను. 30 మిల్లీలీటర్ల ఆ సీసాలో ముప్పావు వంతు ఇప్పటికీ అద్దం పక్క గూట్లో అలాగే ఉంది. మా ఊళ్లో క్లాక్ టవర్ చుట్టుపక్కల కంగన్ హాళ్లలో, ఫ్యాన్సీ దుకాణాలలో సరుకు బాగానే దొరుకుతుంది కానీ, సీలు తీసి చేతికి రాసి చూపించే పద్ధతి దాదాపుగా లేదు. తీసిన సీసాను మళ్లీ ఎవరూ కొనరు కాబట్టి వాళ్లను తప్పుపట్టలేను. హైదరాబాద్ మాల్‌లో అయితే చాలా వస్తువులకు పక్కన ఒక తెరిచిన సీసా ఉంచుతారు. అందుకని మాబోటి ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇలాంటి పెట్టె ఆ లోటును తీరుస్తుందేమోనని అనిపిస్తోంది.

నా చర్మం జిడ్డుగా ఉంటుంది, నుదుటి మీద మాత్రం పొడిబారుతుంది. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు రాని రోజుల్లో బోరు నీళ్లతోనే ముఖం కడుక్కుంటాను. ఆ నీళ్లకు సబ్బు నురగ కూడా సరిగ్గా రాదు. మా అమ్మ సున్నిపిండి చాలంటుంది. ఆమె మాటను నేను తీసివేయడం లేదు, కానీ ఎండలో బస్టాండు దాకా నడిచి వెళ్లే నాకు కనీసం ఒక మంచి సన్‌స్క్రీన్ ఏదో తెలుసుకోవాలని ఉంది. ఇలాంటి పెట్టెను నిజంగా తీసుకున్నవాళ్లు అందులో ఏం వచ్చింది, ఎంత పనికి వచ్చింది, డబ్బు కట్టేటప్పుడు ఏం చూసుకోవాలి అన్నవి వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు (మహబూబ్‌నగర్, గృహిణి)

చెల్లెమ్మా, నేను ఇలాంటి పెట్టెను వరుసగా ఆరు నెలలు తీసుకున్నాను కాబట్టి నా లెక్క మీకు పూర్తిగా చెబుతాను. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే నేను చెప్పబోయేవాటిలో ఎక్కువ భాగం ఏ ఒక్క కంపెనీకో పరిమితమైన విషయాలు కావు.

ఈ పద్ధతి 2010లో అమెరికాలో బర్చ్‌బాక్స్ అనే సంస్థతో బాగా ప్రచారంలోకి వచ్చింది. వాళ్లు నెలకు 10 డాలర్లకు చిన్నచిన్న సాంపిళ్లు పంపేవారు, నచ్చిన వస్తువు పూర్తి సైజును తిరిగి తమ దగ్గరే కొనుక్కునేలా ఏర్పాటు చేసుకున్నారు. మన దేశంలో వచ్చినవి కూడా చాలావరకు అదే దారిలో నడుస్తున్నాయి. ఇది ముందుగా తెలుసుకోవడం ఎందుకు అవసరమంటే, పెట్టెలో ఏం పెట్టాలన్నది మీ చర్మం కన్నా ఎక్కువగా ఆ నెలలో ఏ బ్రాండు తన కొత్త సరుకును పదిమందికీ పరిచయం చేయాలనుకుంటోంది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. చేరేటప్పుడు చర్మం ఏ రకం, జుట్టు ఏ రకం, రంగు ఏది అని ప్రశ్నలు అడుగుతారు. నేను చాలా శ్రద్ధగా నింపాను. అయినా మూడో నెలలో వచ్చిన ఫౌండేషన్ నా రంగు కన్నా రెండు ఛాయలు తెలుపు. అది ఎవరికి ఇచ్చినా పనికిరాలేదు.

ఆరు నెలలకు నాకు మొత్తం 30 వస్తువులు వచ్చాయి. ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను కనుక ఖచ్చితంగా చెప్పగలను: చివరి చుక్క దాకా వాడినవి 11, ఒకటి రెండుసార్లు వాడి పక్కన పెట్టినవి 9, ఇతరులకు ఇచ్చినవి 7, మూత కూడా తీయనివి 3. తర్వాత డబ్బు పెట్టి పూర్తి సైజు కొనుక్కున్నవి రెండే రెండు. ఒకటి సన్‌స్క్రీన్, రెండోది జుట్టుకు రాసే సీరం. ఈ రెండింటినీ నేను దుకాణంలో చూసి ఉంటే ఎప్పటికీ కొనేదాన్ని కాదు, ఎందుకంటే వాటి పేర్లే వినలేదు. ఆ సన్‌స్క్రీన్ కోసమే నాకు ఈ చందా మీద ఇప్పటికీ కోపం లేదు.

పరిమాణం సంగతి మీరు బాగా గమనించాలి. పెట్టె మీద "1,500 రూపాయల విలువ" అని రాసి ఉంటుంది. పూర్తి సీసా ధరను మిల్లీలీటర్లతో భాగించి, సాంపిల్‌లో ఉన్న మిల్లీలీటర్లతో గుణించి ఆ విలువ కడతారు. లెక్కల టీచర్ కనుక మీకు ఇది ఇట్టే అర్థమవుతుంది. కానీ మనకు కావలసిన లెక్క వేరు: ఆ సాంపిల్ ఎన్ని రోజులు వస్తుంది, ఆ రోజులు ఒక నిర్ణయానికి సరిపోతాయా అన్నది. ముఖానికీ మెడకూ సన్‌స్క్రీన్ సరిగ్గా రాయాలంటే చూపుడువేలు, నడిమివేలు పొడవునా గీసిన రెండు గీతలంత, అంటే సుమారు ఒక గ్రాము కావాలి. 10 గ్రాముల ట్యూబు అలా రాస్తే పదిసార్లకు అయిపోతుంది. మొదట్లో నేను బఠాణీ గింజంత తీసి నెల రోజులు సాగదీసి, "ఇది పనిచేయడం లేదు" అనుకున్నాను. అది నా వాడకంలోని తప్పు. అదే 5 మిల్లీలీటర్ల సీరం అయితే రోజుకొకసారి మూడు నాలుగు చుక్కల చొప్పున మూడు నాలుగు వారాలు వస్తుంది. ముఖం మీద పరుచుకునే షీట్ మాస్కు ఒక్కసారికి సరి. దాన్ని బట్టి ఏదీ తేలదు.

ఇక మన ఎండల విషయం. నాకు మే నెల పెట్టె రోహిణి కార్తెలో వచ్చింది. కొరియర్ వాళ్లు జడ్చర్ల దాకా తెచ్చి, అక్కడ రెండు రోజులు ఉంచి, మూడో రోజు మధ్యాహ్నం ఇంటికి తెచ్చారు. అట్టపెట్టె పట్టుకుంటేనే వేడిగా తగిలింది. లోపల లిప్‌స్టిక్ మూత తీయగానే కడ్డీ ఒకవైపుకు ఒరిగి, మూతకు అంటుకొని, నూనె చెమటలా పైకి తేలి ఉంది. క్రీమ్ ట్యూబు నొక్కితే ముందు నీళ్లు వచ్చాయి, ఆ తర్వాత క్రీమ్ వచ్చింది. ఫోటోలు పంపితే లిప్‌స్టిక్ మార్చి ఇచ్చారు, క్రీమ్ సంగతి మాత్రం పట్టించుకోలేదు. కాబట్టి మీరు ఎప్పుడు మొదలుపెట్టినా మార్చి నుంచి జూన్ మొదటి వారం వరకు మాత్రం వద్దని నా గట్టి సలహా. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాక ఆలోచించండి.

ఆరు నెలలకు ఒకేసారి కట్టకండి. తగ్గేది నెలకు యాభయ్యో అరవయ్యో. ఆ తగ్గింపు కోసం మిగిలిన ఐదు నెలలకు మనం కట్టుబడిపోతాము.

జవాబు (మిర్యాలగూడ, ఫార్మసిస్టు)

అమ్మా, నేను 19 ఏళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నాను. ముఖానికి ఏదో రాసి పొక్కులతో, మంటతో వచ్చేవాళ్లను వారానికి ఇద్దరు ముగ్గురినైనా చూస్తాను. అందువల్ల సాంపిళ్ల గురించి నాకున్న ఆందోళన ధర విషయంలో కాదు, వాటిని వాడే తీరులో ఉంది. పెట్టె రాగానే ఆ ఉత్సాహంలో ఐదింటినీ ఒకే రోజు రాస్తారు. మూడో రోజు ముఖం ఎర్రబడితే ఆ ఐదింటిలో ఏది పడలేదో దేవుడికే తెలియాలి. ఒక వస్తువు మన ఒంటికి పడుతుందా లేదా అని తెలుసుకోవడానికి తెప్పించుకున్న సాంపిల్, ఆ ఒక్క విషయమే చెప్పకుండా పోతుంది.

మొదట లేబుల్ సంగతి. కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం వస్తువు పేరు, తయారుచేసినవారి చిరునామా, బ్యాచి నంబరు, ఏ నెలలోపు వాడాలో తెలిపే తేదీ, తయారీ లైసెన్సు నంబరు లేబుల్ మీద ఉండాలి. విదేశాల నుంచి దిగుమతి అయిన వస్తువైతే రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు పేరు, చిరునామా కూడా ఉండాలి. అందులో ఏమేం కలిపారో కూడా ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరుసగా రాయాలి. కానీ అదే నిబంధనలో ఒక మినహాయింపు ఉంది: ద్రవమైతే 60 మిల్లీలీటర్ల కన్నా, గట్టి పదార్థమో క్రీమో అయితే 30 గ్రాముల కన్నా తక్కువ ఉన్న ప్యాకు మీద ఆ కలిపినవాటి పట్టిక లేకపోయినా తప్పు కాదు. సాంపిళ్లన్నీ ఆ కొలత లోపలివే! అంటే మీ చర్మానికి ఏది పడదో తెలుసుకోవడానికి అన్నిటికన్నా అవసరమైన సమాచారం సాంపిల్ మీద ఉండకపోవచ్చు. చాలా కంపెనీలు తమంతట తాముగా ముద్రిస్తాయి. ముద్రించనప్పుడు అదే వస్తువు పూర్తి సైజు పట్టికను కంపెనీ వెబ్‌సైటులో చూసి, ఆ తర్వాతే మూత తీయండి. బ్యాచి నంబరు, తేదీ కూడా లేని పొట్లం వస్తే మాత్రం దాన్ని చర్మానికి తాకించవద్దు.

తర్వాత పరీక్ష. చెవి వెనక ఒకసారి రాసి మర్నాడు చూడటం మంచిదే కానీ అది చాలదు. ఒక పదార్థానికి మన శరీరం మొదటిసారి ఎలర్జీని పెంచుకోవడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పట్టవచ్చు. సువాసన కోసం కలిపేవి, చెడిపోకుండా ఉండేందుకు కలిపేవి ఈ విషయంలో ముందు వరుసలో ఉంటాయి. అందువల్ల మోచేతి మడత లోపలి వైపు ఐదు రూపాయల బిళ్లంత మేర, రోజుకు రెండుసార్లు, కనీసం ఏడు రోజులు రాయండి. ఫేస్‌వాష్‌లాంటి కడిగేసే వస్తువులనైతే అక్కడ వదిలేయకుండా వాడే పద్ధతిలోనే కడిగేయండి. దురద, ఎరుపు, దద్దు ఏదీ రాకపోతే అప్పుడు ముఖానికి వెళ్లండి. ఒక వస్తువు పూర్తిగా తేలేవరకు రెండోదాన్ని మొదలుపెట్టవద్దు. ఈ లెక్కన నెలకు ఐదు సాంపిళ్లను సరిగ్గా పరీక్షించడం ఎవరికీ సాధ్యం కాదు. ఒక పెట్టెకు రెండు నెలలు పడుతుంది. నెలనెలా చందా ఎందుకు వద్దంటున్నానో దీన్ని బట్టి మీకే తెలుస్తుంది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. సాంపిల్ వల్ల ఒక వస్తువు ఒంటికి పడుతుందా లేదా అన్నది తెలుస్తుంది కానీ, అది పనిచేస్తుందా లేదా అన్నది తెలియదు. పై చర్మం పూర్తిగా మారడానికే సుమారు నెల పడుతుంది. మచ్చలు తగ్గాయని చెప్పాలంటే రెండు మూడు నెలలు వాడాలి. ఏడు రోజుల్లో మచ్చలు పోయి ముఖం తెల్లబడిందంటే సంతోషపడకుండా అనుమానపడండి. అలాంటి క్రీముల్లో కొన్నిటిలో పాదరసం ఉన్నట్టు బయటపడింది. నిబంధనల ప్రకారం ఉద్దేశపూర్వకంగా పాదరసం కలపకూడదు. ఇంకొన్ని చోట్ల స్టెరాయిడ్ పూతమందులనే ఫెయిర్‌నెస్ క్రీముల్లా వాడుతున్నారు. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లు కనిపిస్తే అది అలంకరణ సామగ్రి కాదు, మందు. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇలాంటి పూతమందులను చాలావరకు షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ముఖం మండుతోందని వచ్చి "ఆ తెల్ల ట్యూబు ఇవ్వండి" అని అడిగేవాళ్లకు నేను ఇవ్వను. వాళ్లు కోపగించుకొని పక్క దుకాణానికి వెళ్లినా సరే.

గర్భం ధరించినవాళ్లు, ధరించాలనుకుంటున్నవాళ్లు రెటినాల్ (విటమిన్ ఎ రకం) ఉన్న సాంపిల్ వస్తే పక్కన పెట్టాలి. ఈ పెట్టెల్లో అది తరచుగా వస్తుంది కనుక చదివేవాళ్లందరి కోసం రాస్తున్నాను.

చివరగా, మీ గూట్లో ఉన్న ఆ పాత సీరం సీసాను పారేయకండి. దాని మీద ఏమి రాసి ఉందో, ఆ రోజుల్లో ముఖం దేనితో కడిగేవారో చెప్పండి. పెట్టె తీసుకోవాలా వద్దా అన్నది తేల్చడానికి ముందు ఆ సంగతి తేలడం మంచిది.

జవాబు (వనపర్తి, బ్యాంకు ఉద్యోగి)

మేడం గారూ, చర్మం గురించి పైవారు చెప్పినదానికి నేను కలిపేదేమీ లేదు. డబ్బు కట్టే పద్ధతి గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే మా శాఖకు "ప్రతి నెలా ఏదో కట్ అవుతోంది, ఏమిటో తెలియదు" అని వచ్చేవారు చాలామంది ఇలాంటి చందాల వల్లే వస్తున్నారు.

మీరు ఫోనులో చందా కట్టినప్పుడు ఒక్కసారికి కడుతున్నట్టే కనిపిస్తుంది కానీ, చాలాసార్లు యూపీఐ ఆటోపే మ్యాండేటుకు, అంటే మీ ఖాతాలోంచి ప్రతిసారీ డబ్బు దానంతటదే కట్ అయ్యే అనుమతికి, ఒప్పుకుంటున్నారు. పిన్ నొక్కేముందు ఆ తెరను నిదానంగా చదవండి. అక్కడ గరిష్ఠ మొత్తం అని ఒక అంకె, ఎంత కాలానికొకసారి అన్నది, ముగింపు తేదీ ఉంటాయి. చందా 399 రూపాయలే అయినా గరిష్ఠ మొత్తం దానికన్నా ఎంతో ఎక్కువ పెట్టి ఉండవచ్చు, ముగింపు తేదీ ఎన్నో ఏళ్ల తర్వాత ఉండవచ్చు. రిజర్వు బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాక, ఇలాంటి ప్రతి కోతకూ కనీసం 24 గంటల ముందు మీకు సందేశం రావాలి. అయితే 15,000 రూపాయల లోపు మొత్తానికి మొదటిసారి తర్వాత మళ్లీ పిన్ అడగరు. ఆ ముందస్తు సందేశాన్ని ప్రకటన అనుకొని తుడిచేస్తే డబ్బు వెళ్లిపోతుంది.

రద్దు చేయాలనుకుంటే కంపెనీ వెబ్‌సైటులో చందా ఆపడం ఒక పని, మీ యూపీఐ యాప్‌లో మ్యాండేటును రద్దు చేయడం రెండో పని. రెండూ చేయండి. రెండోది పూర్తిగా మీ చేతిలో ఉంది, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. యాప్‌ను ఫోనులోంచి తీసేసినంత మాత్రాన మ్యాండేటు పోదు. మా దగ్గరికి వచ్చేవారిలో సగానికి పైగా పొరబడేది ఇక్కడే.

చేరడం ఒక్క నొక్కుతో జరిగిపోయి, మానుకోవాలంటే మాత్రం ఫోన్లు చేయించి తిప్పలు పెడితే, అది చట్టం దృష్టిలో తప్పు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మోసపూరిత పద్ధతుల మీద మార్గదర్శకాలు ప్రకటించింది. వాటిలో పేర్కొన్న 13 రకాల పద్ధతుల్లో చందా ఉచ్చు ఒకటి. తెర ఫోటోలు దాచుకొని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. వీలైతే ఆటోపే ఒప్పుకోకుండా ఒక్క పెట్టెను ఒక్కసారి కొనుక్కునే సౌకర్యం ఉందేమో ముందే అడగండి. కొన్ని కంపెనీలలో అది ఉంటుంది కానీ పేజీలో కింద ఎక్కడో కనిపిస్తుంది.

జవాబు (దేవరకొండ, బ్యూటీ పార్లర్)

అందరూ జాగ్రత్తలే చెప్పారు కనుక నేను పెట్టె తరఫున కొంచెం మాట్లాడతాను. నేను పన్నెండేళ్లుగా పార్లర్ నడుపుతూ పెళ్లికూతుళ్లను తయారుచేస్తున్నాను. హైదరాబాద్ వెళ్లి కొత్త సరుకు చూసి రావాలంటే రోజంతా పోతుంది, ఆ రోజు గిరాకీ కూడా పోతుంది. సాంపిళ్ల పెట్టె వల్ల నాకు లిప్‌స్టిక్ ఛాయలు, మేకప్‌కు ముందు రాసే ప్రైమర్లు, కాజల్ ఎలా నిలుస్తాయో ఇంట్లో కూర్చొనే తెలుస్తోంది. మండపంలో హోమం పొగకూ, చెమటకూ, కంటి తడికీ ఏ కాజల్ కారకుండా ఉంటుందో చూడాలంటే రాసుకొని చూడాల్సిందే, డబ్బా మీది మాటలు చదివితే తెలియదు. అందుకే నా అభిప్రాయంలో ఈ పెట్టె రంగులకు మంచిది, చర్మానికి పూసే సీరంలకూ, పై మృతచర్మాన్ని వదిలించే యాసిడ్లకూ అంత మంచిది కాదు. మీకు కావలసింది ఒక్క సన్‌స్క్రీనే అయితే దాని చిన్న ట్యూబును విడిగా కొనుక్కోవడమే చవక.

చెల్లే, మీ చిన్నమ్మ కూతురితో పెట్టె పంచుకోవాలనుకుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. ఒకే డబ్బాలో ఇద్దరూ వేళ్లు పెట్టకండి. శుభ్రమైన చెంచాతోనో ఇయర్‌బడ్‌తోనో ముందే తీసి వేరు చేసుకోండి. కాజల్, మస్కారా, లిప్‌స్టిక్ మాత్రం పంచుకోనే వద్దు.

మీరు బోరు నీళ్ల మాట రాశారు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మా దేవరకొండ వైపు కూడా అదే బాధ. గట్టి నీళ్లలోని సున్నం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లని మడ్డిగా మారి చర్మం మీద నిలిచిపోతాయి. స్నానం చేసిన తర్వాత బకెట్ అంచుకు గోరుతో గీకితే వచ్చేది అదే. ముఖం లాగినట్టు, పొడిగా ఉండటానికి అది ఒక కారణం. మామూలు సబ్బు బదులు సబ్బు లేని ఫేస్‌వాష్ వాడి, చివరికి రెండు చెంబుల భగీరథ నీళ్లు పట్టి ఉంచుకొని వాటితో కడగండి. మా పార్లర్‌లో ఫేషియల్‌కు నేను డ్రమ్ములో పట్టి ఉంచిన ఆ నీళ్లే వాడతాను. మీ నుదురు పొడిబారడం దానితోనే కొంత తగ్గవచ్చు.

ప్రశ్న అడిగినవారు (నల్గొండ)

ఇంత శ్రమ తీసుకొని రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఫార్మసిస్టు గారు అడిగినట్టు ఆ సీసాను తీసి చూశాను. అక్షరాలు ఎంత చిన్నవంటే, ఫోను కెమెరాతో ఫోటో తీసి పెద్దది చేస్తే తప్ప చదవలేకపోయాను. గ్లైకోలిక్ యాసిడ్ 10 శాతం అని ఉంది. రాత్రిపూట మాత్రమే వాడాలని, మొదట్లో వారానికి రెండుసార్లకు మించవద్దని, పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి అని సీసా వెనక రాసి ఉంది. నేను రోజూ పొద్దున రాసుకొని కాలేజీకి వెళ్లాను. అప్పుడు వాడిన ఫేస్‌వాష్ ట్యూబు మీద సాలిసిలిక్ యాసిడ్ 2 శాతం అని ఉంది. దానితో రోజుకు మూడుసార్లు కడిగేదాన్ని.

మ్యాండేటు సంగతి కూడా చూశాను. ఆ కంపెనీ యాప్‌లో కట్టడానికి ముందు వరకు వెళ్లి ఆగాను. చందా 399 రూపాయలే, గరిష్ఠ మొత్తం మాత్రం 5,000 అని ఉంది. వెనక్కి వచ్చేశాను. ఒక్క పెట్టె మాత్రమే కొనడం కుదురుతుందా అని వాళ్లకు రాశాను. 499 రూపాయలకు ఇస్తామని నిన్న సాయంత్రం జవాబు వచ్చింది. వంద ఎక్కువైనా ఆ పద్ధతిలోనే, వానలు పడ్డాక ఒకటి తెప్పిస్తాను.

జవాబు (మిర్యాలగూడ, ఫార్మసిస్టు)

అమ్మా, అయితే ఆ సీరం మీ చర్మానికి పడదని ఇప్పుడే తేల్చకండి. రెండు రకాల యాసిడ్లను రోజూ కలిపి వాడి, ఏ రక్షణా లేకుండా ఎండలోకి వెళితే ఎవరి చర్మమైనా మండుతుంది, ఎందుకంటే గ్లైకోలిక్ యాసిడ్ రాసిన చర్మాన్ని ఎండ ఇంకా తొందరగా దెబ్బతీస్తుంది. ఎలర్జీ అయి ఉండే అవకాశం కూడా లేకపోలేదు కనుక, మచ్చలు ఎక్కువగా ఉంటే మీ ఊళ్లోని ప్రభుత్వ ఆసుపత్రి చర్మ విభాగంలో ఒకసారి చూపించుకోండి, ఆ సీరం సీసానూ ఫేస్‌వాష్ ట్యూబునూ వెంట తీసుకువెళ్లండి. అప్పటిదాకా ముఖానికి సబ్బు లేని ఫేస్‌వాష్, మామూలు మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, ఈ మూడు చాలు. సీసా మీది తేదీ దాటిందేమో కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు (నల్గొండ)

తేదీ దాటలేదండీ, ఆగస్టు వరకు ఉంది. సోమవారం మొదటి రెండు పీరియడ్లకు సెలవు పెట్టి చర్మ విభాగానికి వెళుతున్నాను. ఈలోపు దేవరకొండ అక్క చెప్పినట్టు సన్‌స్క్రీన్ చిన్న ట్యూబు ఒకటి కొన్నాను. ఎడమ మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు రాస్తున్నాను. ఈ రోజు మూడో రోజు. ఇప్పటికి ఎరుపు గానీ దురద గానీ లేదు. ఏడో రోజు ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.